రోహిణి కార్తెలో పచ్చటి పాచి

మూలాపేట, నెల్లూరు
కార్తీక మాసం, వాన పడతా ఉన్న పూట

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. మాటలు బాగా పట్టావు, మీ ఉదయగిరి యాస చెవిలో మోగింది. ఆ సంగతులు కలిసినప్పుడు చెప్పుకుందాం. ఈ ఉత్తరం ఒక్క వాక్యం కోసం. "పెరటి గోడ మీద పాచి పచ్చగా చాపలా పరుచుకొని ఉంది" అన్నావు. నాలుగు వాక్యాలు దాటగానే రోహిణి కార్తె ఎండకు చావింటి జనమంతా విసనకర్రలు ఊపుకుంటున్నారు. రోళ్ళు పగిలే ఎండలో నీ గోడ మీద పాచి ఎట్లా పచ్చగా ఉంది నాయనా?

ఇటువంటి పని నేనూ చేశాను. మొదటి కథలో జ్యేష్ఠంలో పెన్నకు వరద తెప్పించాను. ఒక రైతు కార్డు రాశాడు, ఆ నెలలో మా పెన్నలో ఇసుక బండ్లు తిరుగుతుంటాయి స్వామీ అని. మనకు గట్టి వానలు పడేది అక్టోబరు, నవంబరు నెలల్లో. పుట్టి పెరిగిన ఊరి సంగతే కదా, రాసేటప్పుడు ఎటు పోయిందో! ఆ కార్డు చాలా ఏళ్ళు దాచుకున్నాను.

మన మాటలో ఒక చిక్కు ఉంది. చెరువులో తేలేదాన్నీ, స్నానాలగదిలో కాలు జారేదాన్నీ, గోడ మీద మఖమల్ గుడ్డలా ఉండేదాన్నీ నాచనో పాచనో అనేస్తాం. మొదటి రెండూ చాలావరకు శైవలాలు. గోడ మీది మెత్తటిది మాస్, అసలైన మొక్క. కాండం, ఆకులు ఉంటాయి. వేర్లు మాత్రం ఉండవు, గోడను పట్టుకోవడానికి సన్నటి నూగు పోగులు ఉంటాయి అంతే.

మా దొడ్డిగోడ మీదిదాన్ని వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన లెన్సు పెట్టి చూశాడు. హయోఫిలా ఇన్‌వల్యూటా అన్నాడు. నేనూ చూశాను. చాప పోలిక అక్కడే పోయింది. చాపలో ఈతాకులు పడుకొని ఒకదాని కింద ఒకటి దూరతాయి. ఇవి నిలబడి ఉన్నాయి. సెంటీమీటరుకు మించని మొక్కలు, నారుమడిలో నారులా ఒకదాన్నొకటి ఒరుసుకొని. నెల్లూరు జిల్లావాడివి, నారుమడి పోలిక నీకు తట్టకపోవడమేమిటి?

నిజంగా చాప అల్లే మాస్‌లు వేరే ఉన్నాయి. హిప్నమ్ కుప్రెస్సిఫార్మె అని ఒకటి, కాండాలు నేలబారుగా పాకి, పక్కకొమ్మలు వేసి, వంకీ తిరిగిన ఆకులతో జడ అల్లినట్టు ఉంటుంది. చెట్ల బెరళ్ళ మీద, రాళ్ళ మీద పెరుగుతుంది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది, మన దేశంలో హిమాలయాల్లో ఉంది. హిప్నోస్ అంటే గ్రీకులో నిద్ర. దాన్ని ఎండబెట్టి దిండ్లలో కూరేవాళ్ళట. ఉదయగిరి పెరట్లోకి మాత్రం దాన్ని తేవద్దు.

మన గోడ మొక్క సంగతికి వస్తాను. ఇన్‌వల్యూటా అంటే లోపలికి చుట్టుకున్నది. నీళ్ళను లోపల నిలవ చేసుకొనే ఏర్పాటు దీనికి లేదు. గాలి ఎండితే అదీ ఎండుతుంది. ఆకుల అంచులు లోపలికి చుట్టుకొని, మొక్క ముడుచుకొని నల్లగా, మాడిన మినపపొట్టులా అయిపోతుంది. చచ్చిందనుకుంటాం. చావదు. మొన్న వేసవిలో చెంబెడు నీళ్ళు చల్లి ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నాను. మా ఇంట్లో వాళ్ళు ఎండదెబ్బ తగిలిందేమోనని చూశారు. కొద్ది నిమిషాల్లోనే ఆకులు విప్పుకొని నక్షత్రాల్లా నిలిచాయి, గోడ పచ్చబడింది.

దీనికి సున్నమంటే ఇష్టం. అందుకే పాత సున్నపు గోడలు, బావి ఒరలు, తూము కింద నీళ్ళు కారే చోట్లు, ఎండ తక్కువ తగిలే పక్క చూసుకుంటుంది. సిమెంటునూ వదలదు. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాల్లో విస్తారంగా ఉంది, ఐరోపాలో అక్కడక్కడా సరస్సుల ఒడ్డు రాళ్ళ మీద కనిపిస్తుంది. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. నీటి పొర ఉంటే తప్ప మగకణం ఈది అవతలికి చేరలేదు. ఎక్కువగా ఆకుల సందుల్లో పుట్టే చిట్టి మొగ్గలు రాలి, వాటినుంచే కొత్త మొక్కలు లేస్తాయి. దీని మీద మళ్ళీ ఒక పోలిక కట్టొద్దు, నీ కథలో ఇప్పటికే పోలికలు పదకొండు ఉన్నాయి, లెక్కపెట్టాను.

ఇప్పుడు ఆ పేజీ మళ్ళీ తియ్యి. గోడ నల్లగా ఉంది. ఎవరికీ పట్టని గోడ. శవానికి స్నానం చేయించారని నువ్వే రాశావు, ఆ నీళ్ళు ఎటు పోయాయో రాయలేదు. నీళ్ళు గోడవారగా పారాయనుకో, ఆ కొడుకు అక్కడే నిలబడి ఉన్నాడనుకో. అతను చూస్తాడో లేదో, చూసినా ఏమనుకుంటాడో నేను చెప్పను, అది నీ పని. పచ్చగా, చాపలా అన్న రెండు మాటలూ కొట్టేస్తే సగం పని అయినట్టే.

వచ్చే ఆదివారం వస్తానన్నావు. మీ గోడ నుంచి రూపాయి బిళ్ళంత పెళ్ళ ఒకటి గోటితో లేపుకొని రా. పాత పేపరులో పొట్లం కట్టు. ప్లాస్టిక్ కవరులో వెయ్యొద్దు, చెమ్మకు బూజు పడుతుంది. లెన్సు మిత్రుడి దగ్గర అడిగి పెడతాను.