మళ్ళీ శ్రుతిలోకి రావాలనుకుంటున్న మేనకోడలికి

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. అయిదేళ్ళు పన్నెండు స్వరాల పద్ధతిలోనే (ఏ ఒక్కటీ ఆధార శ్రుతి కాకుండా, పన్నెండు స్వరాల్నీ ఒక వరుస ప్రకారం సమానంగా వాడే పద్ధతి) రాసి, ఇప్పుడు చెవికి ఆనేది ఒకటి రాయాలనిపిస్తోందనీ, క్లాసులో నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశావు. నవ్వనీ. 1972లో అమెరికన్ స్వరకర్త జార్జ్ రాచ్‌బర్గ్ మూడో స్ట్రింగ్ క్వార్టెట్‌లో (నాలుగు తీగవాద్యాల రచన) బీథోవెన్ కాలపు ధోరణి విని ఎంతోమంది మండిపడ్డారు. కొడుకు పోయాక, తను అంతదాకా వాడిన పన్నెండు స్వరాల పద్ధతిలో తన దుఃఖం పట్టదని ఆయనకు తెలిసొచ్చింది. ఇంకెవరికి జవాబు చెప్పుకోవాలి?

నా భయమల్లా నీ తొందర గురించే. ఎస్టోనియాకు చెందిన స్వరకర్త ఆర్వో ప్యార్ట్‌ను చూడు. 1960లో పన్నెండు స్వరాలతో రాసి సోవియట్ పెద్దల చేత తిట్లు తిన్నాడు. 1968 తర్వాత దాదాపు ఆగిపోయాడు. 1976 దాకా కచేరీ సంగీతంలో చెప్పుకోదగ్గది మూడో సింఫనీ ఒక్కటే. ఆ ఏళ్ళన్నీ పాత చర్చి గానాలు ముందేసుకుని, ఒంటి గొంతు వరుసలు రాసుకుంటూ కూర్చున్నాడు. నువ్వూ ఓ మూడు నెలలు కొత్తది ఏదీ రాయకు. అలాంటి వరుసలు పాడుకో, చాలు.

తర్వాత పియానో ముందు కూర్చుని ఆయన ‘ఫ్యూర్ అలీనా’ వాయించు. రెండు పేజీలే. కుడిచెయ్యి బి మైనర్ స్కేల్ మీద నడుస్తుంది. ఎడమచెయ్యి బి మైనర్ కార్డ్‌లోని (కలిపి మోగించే స్వరాల గుంపు) మూడు స్వరాల్లో, కుడిచేతి స్వరానికి కింద దగ్గర్లో ఉన్నదాన్ని పట్టుకుంటుంది. బార్‌కో (నొటేషన్‌లో ఒక్కో గడి) స్వరం పెరుగుతూ పోయి, మళ్ళీ ఒక్కోటీ తగ్గుతుంది. మీ అమ్మమ్మ తంబూరా గుర్తొస్తుందేమో, కానీ ఇది అది కాదు. తంబూరా తన చోటు వదలదు, ఈ ఎడమచెయ్యి అడుగడుగునా వెంట నడుస్తుంది.

చూశావా, ఎంత కట్టుదిట్టమో! నువ్వు నేర్చిన క్రమశిక్షణ ఇక్కడా పనికొస్తుంది, పారెయ్యకు. కేవలం తియ్యగా రాద్దామనుకుంటే సినిమా నేపథ్య సంగీతంలా తేలిపోతుంది. పోలండ్ స్వరకర్త పెండెరెట్స్కీ కూడా అంతే, ఒకప్పుడు 52 తీగవాద్యాలతో అరిపించినవాడు, తర్వాత పాత రొమాంటిక్ దారిలో వయొలిన్ కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వయొలిన్ ముందుండి వాయించే రచన) రాశాడు. నాకైతే అది కాస్త పొడుగే.

‘అలీనా’లో ఒకే ఒక్కచోట ఎడమచెయ్యి కార్డ్ దాటి, అందులో లేని సి షార్ప్ స్వరం మీద పడుతుంది. అక్కడ నొటేషన్‌లో చిన్న పువ్వు గీశాడాయన. నీ ముక్కకీ ముందు నియమం పెట్టుకో. అది ఎక్కడ తప్పాలో దొరికాక నాకు పంపు.

మీ మామయ్య