స్కీయింగ్‌కి రైల్లో వెళ్లొచ్చా?

ప్రశ్న: మేం లండన్‌లో ఉంటాం. ఫిబ్రవరిలో స్కీయింగ్‌కి ఫ్రాన్స్‌లోని లెజార్క్ వెళ్లాలని ఉంది. ఇద్దరు పిల్లలు, బోలెడు సామాను. విమానం మానేసి రైల్లో వెళ్లడం అయ్యే పనేనా?

జవాబు: నిక్షేపంగా వెళ్లొచ్చు. లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో యూరోస్టార్ రైలు ఎక్కి పారిస్‌లోని గార్ ద్యు నోర్ స్టేషన్‌లో దిగండి. ఫ్రాన్స్ పాస్‌పోర్టు తనిఖీ కూడా లండన్‌లోనే జరుగుతుంది కాబట్టి గంటన్నర ముందే స్టేషన్‌కి చేరాలి.

అసలు చిక్కంతా పారిస్‌లోనే. లెజార్క్‌కి దిగాల్సిన స్టేషన్ బూర్ సాఁ మోరిస్. అక్కడికి వెళ్లే టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) పారిస్‌లోనే ఉన్న ఇంకో స్టేషన్ గార్ ద లియోఁ నుంచి బయల్దేరుతుంది. పారిస్ లోకల్ రైలు ఆర్ఈఆర్ డి లైనులో గార్ ద్యు నోర్ నుంచి గార్ ద లియోఁకి రెండో స్టాపే. కానీ పెట్టెలు, బూట్ల సంచులతో మెట్లూ గేట్లూ దాటేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. రెండు రైళ్ల మధ్య రెండు గంటలు ఉంచుకోండి. స్కీలు మోసుకెళ్లకుండా అక్కడే అద్దెకు తీసుకోవడం మేలని మా అభిప్రాయం.

టీజీవీలు ఒక్కోసారి రెండు కలిపి నడుస్తాయి. ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి లోపలి నుంచి దారి ఉండదు, గమ్యాలూ వేరు కావచ్చు. టికెట్ మీది బోగీ నంబరు చూసే ఎక్కండి. సామాను అరలు త్వరగా నిండిపోతాయి, ముందుగా ఎక్కితే చోటు దొరుకుతుంది. ప్రతి సామాను పెట్టెకీ పేరు చీటీ తప్పనిసరి.

బూర్ సాఁ మోరిస్ స్టేషన్ పక్కనే ఫ్యూనిక్యులర్ (కొండ మీదికి తాడుతో లాగే రైలు) ఉంది. ఏడు నిమిషాల్లో లెజార్క్‌లోని ఆర్క్ 1600 అనే చోటికి చేరుస్తుంది. బస ఆర్క్ 1800లోనో ఆర్క్ 1950లోనో అయితే అక్కడి నుంచి బస్సు.