కైలాసగిరి మీద సాయంకాలం ఫొటోలు

ప్రశ్న: డిసెంబరు చివర్లో విశాఖ వెళ్తున్నాం. కైలాసగిరి పైనుంచి సూర్యుడు సముద్రంలో మునిగే ఫొటో తీయాలని ఉంది. ఎన్నింటికి ఎక్కాలి, కెమెరా ఎలా పెట్టుకోవాలి?

జవాబు: మన తీరంలో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, నేల మీదే కుంకుతుంది. నీళ్లలో మునిగే సూర్యుడు దొరకడు. అయినా మీరు ఎంచుకున్న నెల చాలా మంచిది. డిసెంబరులో సూర్యుడు పడమటి నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు. నైరుతికి తిరిగి నిలబడితే ఎడమన బీచ్ వంపు, డాల్ఫిన్ నోస్ కొండ, కుడిన సూర్యుడు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకు 24 ఎం.ఎం. వెడల్పు లెన్స్ ఉంటే అన్నీ ఒకే ఫొటోలో పడతాయి. వేసవిలో ఇది కుదరదు.

అస్తమయం సుమారు 5.30కి. నాలుగుంబావుకల్లా పైనుండండి. ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్8. వెలుతురు కొలత సూర్యుడి పక్క ఆకాశం మీద తీసుకోండి, లేకపోతే నారింజ రంగంతా పాలిపోతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) డేలైట్‌లో ఉంచండి. ఆటోలో పెడితే కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని తగ్గించేస్తుంది.

ఎక్కువ ఫొటోలు పాడయ్యేది గాలి వల్లే. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లాగొద్దు, ఊగుతుంది. కింది కొక్కేనికి బ్యాగు తగిలించి, అది కాస్త నేలకు ఆనేలా చూడండి. ఉప్పుగాలికి లెన్స్ మీద జిడ్డులాంటి సన్నని పొర పడుతుంది. ఎదురు వెలుతురులో ఫొటో మసకబారేది దానివల్లే. ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. నేరుగా రుద్దితే గీతలు పడతాయి.

సూర్యుడు దిగగానే సర్దేయకండి, దయచేసి. మరో 15, 20 నిమిషాలకు ఆకాశం ముదురు నీలమై, బీచ్ రోడ్డు దీపాలు వెలిగి ఉంటాయి. అప్పుడు షట్టర్ 2 నుంచి 8 సెకన్లు, నొక్కినప్పుడు కెమెరా కదలకుండా టైమర్ 2 సెకన్లు.