కాన్హోజీ ఆంగ్రే ఎక్కడ పుట్టాడు?

ప్రశ్న: సార్, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మా వాడకట్టు పిల్లలు చదివేది మరాఠీ బడిలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. శివాజీ జయంతికి వాళ్లకు క్విజ్ పెడుతున్నాం. మరాఠా నౌకాదళాన్ని నడిపిన కాన్హోజీ ఆంగ్రే పుట్టిన ఊరు ఏది అని ఒక ప్రశ్న రాశాను. ఒకచోట పుణె దగ్గర ఆంగర్‌వాడి అని ఉంది, ఇంకోచోట కొంకణ్‌లోని సువర్ణదుర్గం అని ఉంది. సమాధి అలీబాగ్‌లో ఉంది కాబట్టి పుట్టింది కూడా అక్కడే అని మా బావగారు పట్టుబట్టారు. ఏది రాయమంటారు?

జవాబు: ముందు మీ బావగారి సంగతి తేల్చేద్దాం. అలీబాగ్ ఎదురుగా సముద్రంలో ఉన్న కొలాబా కోట పని శివాజీ మొదలుపెట్టించింది 1680లో. కాన్హోజీ పుట్టిన సంవత్సరం 1669 అని రాస్తారు, అంటే కోట కట్టేనాటికే ఆయనకు పదేళ్లు దాటాయి. ఆ కోట ఆయనకు స్థావరమైంది పెద్ద సర్దారు అయ్యాకే. 1729లో పోయాడు, సమాధి అలీబాగ్ ఊళ్లో కట్టారు. దాన్నిబట్టి పుట్టిన ఊరు చెప్పేస్తే ఎలాగండీ!

ఇక ఆంగర్‌వాడి. దీనికి ఉన్న పెద్ద బలం ఇంటిపేరే. వీళ్లు అసలు సంక్‌పాళ్‌లు, ఆంగర్‌వాడిలో ఉండడం వల్ల ఆంగ్రేలయ్యారు. ఆ వాడ పుణె జిల్లా ఖేడ్ తాలూకాలో కాళూస్ ఊరికి చెందినదని చెబుతారు, అంటే అటు చాకణ్ వైపు, సముద్రానికి బాగా దూరం. అయితే ఇంటిపేరు వంశం ఎక్కడిదో చెబుతుంది గానీ మనిషి ఎక్కడ పుట్టాడో చెప్పదు. మీ ధర్మాబాద్, బిలోలి వైపే చూడండి, ఇంటిపేరు బాల్కొండ అయినంత మాత్రాన ఆ ఇంట్లో పిల్లలంతా బాల్కొండలో పుట్టారా?

సువర్ణదుర్గం వాదం కూడా తీసిపారేసేది కాదు. హర్ణై దగ్గర సముద్రంలో ఉన్న ఈ కోట 1660లో శివాజీ చేతికొచ్చింది, కాన్హోజీ తండ్రి తుకోజీ అక్కడే కొలువు చేశాడు, కొడుకు బాల్యం చాలావరకు ఆ కోటలోనే గడిచింది, తర్వాత ఆ కోటకే అధికారి కూడా అయ్యాడు. అన్నీ బాగానే అతుకుతున్నాయి. కానీ తండ్రి కొలువున్న చోటే బిడ్డ పుట్టాలని ఎక్కడుంది? కాన్పుకు పుట్టింటికి పంపడం మనకే కాదు, మరాఠీ ఇళ్లలోనూ ఉన్నదే. తల్లి అంబాబాయి ఆ సమయానికి కోటలో ఉందా లేదా అన్నది తేలితే తప్ప ఈ వాదం పూర్తికాదు.

అసలు తకరారు ఎందుకొచ్చిందంటే, సిపాయి కొడుకు పుట్టాడని 1669లో ఎవరు రాసిపెడతారు? కాన్హోజీ 1698లో మరాఠా నౌకాదళానికి అధిపతి అయ్యాడు, తన దస్తక్, అంటే అనుమతి పత్రం, తీసుకోకుండా కొంకణ్ తీరంలో తిరిగే ఓడలను పట్టుకోవడం మొదలుపెట్టాడు, ఈస్ట్ ఇండియా కంపెనీవాళ్లకు కడుపుమండి సముద్రపు దొంగ అన్నారు. వాళ్ల కాగితాల నిండా పోయిన ఓడల లెక్కలే గానీ, ఆయన పుట్టుక గోల వాళ్లకెందుకు?

నన్నడిగితే వంశం ఆంగర్‌వాడిది, పెరిగింది సువర్ణదుర్గంలో. ఈ రెండూ ధైర్యంగా చెప్పొచ్చు. పోటీ పరీక్షలో వస్తే మాత్రం ఆంగర్‌వాడికే టిక్ పెట్టమనండి, ఎక్కువగా అచ్చులో ఉన్నది అదే. మీ క్విజ్‌లో ఈ ప్రశ్న తీసేయండి, పిల్లలు రెండు జవాబులు చెబితే మార్కులు ఎవరికి ఇవ్వాలో మీకే టెన్షన్. బదులుగా 1721లో ఇంగ్లీషువాళ్లు, పోర్చుగీసువాళ్లు కలిసి దాడి చేసినా లొంగని ఆంగ్రే కోట ఏదని అడగండి, కొలాబా అని చెప్పాలి. ముంబైలో ఆయన పేరు పెట్టిన నౌకాదళ స్థావరం ఏదన్నది ఇంకా తేలిక, ఐఎన్ఎస్ ఆంగ్రే.