రాత్రికి రాత్రే కుళ్లుతున్న ఆకుకూరలు: పాడైన ఆకును పశువులకు పెట్టవచ్చా?

ప్రశ్న: తోటకూర, పాలకూర, కొత్తిమీర సాయంత్రం కోసి, నీళ్లు చల్లి గోనెసంచుల్లో కుక్కి ఉంచుతున్నాను. తెల్లవారేసరికి సంచి మధ్యలోని కట్టలు వేడెక్కి కుళ్లిపోతున్నాయి. వాటిని గట్టున పోస్తే దుర్వాసన, ఈగలు. ఈ ఆకును పశువులకు మేపవచ్చా? ఎరువుగా మార్చడం ఎలా?

జవాబు: కోసిన తర్వాత కూడా ఆకు శ్వాసిస్తూ వేడిని విడుదల చేస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటకు పోయే దారి లేకుండా సంచిలో కుక్కి, పైగా నీళ్లు చల్లడం వల్ల, నలిగిన కాడల గుండా మెత్తకుళ్లు కలిగించే బ్యాక్టీరియా ప్రవేశించి ఒక్క రాత్రిలోనే కట్టలను జిగురుగా మార్చేస్తోంది. కాబట్టి కోతను ఉదయం, మంచు ఆరిన వెంటనే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. కడగవలసి వస్తే శుభ్రమైన నీటితో కడిగి, నీరు పూర్తిగా ఓడ్చి, గాలి ఆడే క్రేట్లలో వదులుగా పేర్చి, పైన తడి గోనెపట్టా కప్పి నీడలో ఉంచండి. పట్టా తడిగా ఉండాలే గాని ఆకుపై నీరు నిలవకూడదు. పండుతున్న అరటి, మామిడి, టమాటా పక్కన పెట్టవద్దు. వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు ఆకును త్వరగా పసుపు రంగుకు తిప్పుతుంది.

ఇక మేపు విషయంలో చాలా జాగ్రత్త అవసరం. అదే రోజు ఏరిన, కేవలం వాడిపోయిన ఆకును ఎండుగడ్డితో కలిపి కొద్దికొద్దిగా పెట్టవచ్చు. అయితే యూరియా ఎక్కువగా వేసిన తోటకూర, పాలకూరల్లో నైట్రేట్ పేరుకుంటుంది. తడి ఆకు కుప్పగా వేడెక్కినప్పుడు అది మరింత విషపూరితమైన నైట్రైట్‌గా మారి, పశువు రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. మీ సంచుల్లో వేడెక్కిన ఆకు సరిగ్గా ఇలాంటిదే కనుక దానిని ఎట్టి పరిస్థితిలోనూ మేపకండి. బూజు పట్టినదీ, పురుగుమందు చల్లాక డబ్బాపై సూచించిన గడువు దాటనిదీ అంతే. మేసిన పశువు ఆయాసపడుతూ, చిగుళ్లు గోధుమ లేదా నీలి రంగుకు మారితే క్షణం ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవండి.

కుళ్లిన ఆకుకు తగిన చోటు కంపోస్టు కుప్ప. పంట నేల నుంచి తీసుకున్న నత్రజని, పొటాష్ అందులోనే ఉన్నాయి; వాటిని గట్టున పారబోయడం నిజంగా నష్టమే. పచ్చి ఆకులో నీరు, నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. అందుకే అది ఒక్కటే పోస్తే గాలి ఆడక కంపు కొడుతుంది. ఒక రోజు ఆరబెట్టిన ఆకు మూడు వంతులకు తరిగిన ఎండుగడ్డి లేదా రాలిన ఎండుటాకులు ఒక వంతు, బరువు ప్రకారం తీసుకొని, పొరలుగా వేస్తూ మధ్యమధ్య పేడ నీళ్లు చిలకరించండి. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు కనీసం మీటరు చొప్పున ఉంటేనే లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడి పుట్టి తెగులు క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి నీరు కారకూడదు. కారితే ఎండుగడ్డి కలపండి. పైన ఎప్పుడూ ఎండుగడ్డి పొర ఉంటే ఈగలు తగ్గుతాయి. వారం పది రోజులకోసారి తిరగవేస్తే సుమారు రెండు మూడు నెలల్లో నల్లగా, మట్టి వాసనతో ఎరువు సిద్ధమవుతుంది.

వానపాముల ఎరువు చేయదలిస్తే ఈ ఆకును పేడతో కలిపి రెండు వారాలు మగ్గబెట్టి, వేడి పూర్తిగా తగ్గాకే వానపాములను వదలండి. వేళ్లపై బుడిపెలున్న మొక్కలను మాత్రం వేళ్లలో చేరే నులిపురుగుల భయం వల్ల కంపోస్టులో కలపక, ఎండబెట్టి కాల్చివేయండి.