బాబు ప్రీస్కూల్‌లో ఉన్న మూడు గంటలకు ఫీజు అడగవచ్చా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. నేను చైల్డ్‌మైండర్‌గా ఆఫ్‌స్టెడ్‌లో (పిల్లల సంరక్షణను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థలో) రిజిస్టర్ చేసుకుని, ఇంట్లోనే ఐదేళ్ల లోపు పిల్లలు ముగ్గుర్ని చూసుకుంటున్నాను. గంటకు 6 పౌండ్లు తీసుకుంటాను. వాళ్లలో ఒక బాబుకు మూడేళ్లు నిండాయి. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 వరకు మా ఇంట్లో ఉండేవాడు. వచ్చే టర్మ్ నుంచి 9 నుంచి 12 దాకా ప్రీస్కూల్‌కు వెళ్తాడు. దింపేదీ తీసుకొచ్చేదీ నేనే. ఆ మూడు గంటలకు డబ్బివ్వడం కష్టమని వాళ్లమ్మ అంటోంది. వాళ్లూ మన తెలుగువాళ్లే, స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చారు. పండగలకు కలుసుకుంటూ ఉంటాం. గట్టిగా అడగాలంటే మొహమాటంగా ఉంది.

జవాబు: మీరు పంపిన లెక్కల కాగితం చూశానమ్మా. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు గళ్లలోనూ 9–12 పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ముందు ఆ ప్రశ్నార్థకం ఖరీదు ఎంతో చూద్దాం. రోజుకు 18 పౌండ్లు, వారానికి 90. ప్రీస్కూల్ ఏడాదిలో 38 వారాలు నడుస్తుంది కాబట్టి మొత్తం 3,420 పౌండ్లు. మొహమాటానికి వదులుకునేంత చిన్న మొత్తం కాదిది.

ఆ తల్లి మాటలోనూ న్యాయం ఉంది. బాబు మీ ఇంట్లో లేని గంటలకు డబ్బెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మీరు అమ్ముతున్నది గంటల్ని కాదు, చోటుని. ఐదేళ్ల లోపు పిల్లల్ని ఒకేసారి ముగ్గురికి మించి చూడకూడదని మామూలు నిబంధన. అంటే మీ దగ్గరున్నవి మూడే చోట్లు. బాబు 12కి తిరిగి వస్తాడు, కాబట్టి ఆ చోటు రోజంతటికీ ఇంకొకరికి ఇవ్వలేరు. పోనీ పొద్దున పూట వరకే ఇద్దామా? 8:40కి ఇద్దరు పసివాళ్లను డబుల్ బగ్గీలో (ఇద్దరు పట్టే తోపుడు బండిలో) కూర్చోబెట్టి, వాన కవరు దించి, బాబు చెయ్యి పట్టుకుని బయల్దేరుతారు. ఇల్లు చేరేసరికి 9:15. మళ్లీ 11:35కి అదే బగ్గీ, అదే దారి. మధ్యలో మిగిలేది రెండు గంటల పైచిలుకు. అంత సేపటికే బిడ్డను అప్పజెప్పేవాళ్లు దొరకడం కష్టం. దొరికినా, ప్రీస్కూల్‌కు సెలవులిచ్చే మిగతా 14 వారాలూ బాబు రోజంతా మీ దగ్గరే ఉంటాడు. అప్పుడు ఆ కొత్త బిడ్డతో కలిపి నలుగురవుతారు.

ఫీజు ఎంతన్నది తేల్చే ప్రశ్న ఒక్కటే. బాబుకు పదింటికి జ్వరమొస్తే ప్రీస్కూల్ వాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? మీకైతే, ఆ మూడు గంటలూ మీరు డ్యూటీలో ఉన్నట్టే. ఎటూ కదలకుండా, చోటు ఖాళీగా ఉంచుకుని కూర్చోవాలి. పూర్తి ఫీజు తీసుకోండి. ఫోన్ తల్లికో తండ్రికో వెళ్లి, వాళ్లే వచ్చి తీసుకెళ్లేటట్టయితే సగం చాలు. దీన్నే ఇక్కడ రిటైనర్ అంటారు. వారానికి 45 పౌండ్లు వస్తాయి. ఆమెకు ఏడాదికి 1,710 మిగులుతాయి, మీకూ అంతే దక్కుతుంది. దింపి తీసుకొచ్చే సమయం మాత్రం ఈ సగంలో కలపకండి. అది మీరు పని చేసే సమయం, దానికి పూర్తి రేటు పడాల్సిందే. కాబట్టి మీకు ఆ 45 కంటే కొంచెం ఎక్కువే వస్తుంది. ఒక్క సున్నా ఫీజుకు మాత్రం ఒప్పుకోవద్దంటాను.

ఇంకో దారి ఉంది. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. మూడేళ్లు నిండిన పిల్లలకు, తర్వాతి టర్మ్ నుంచి వారానికి 15 గంటల చొప్పున 38 వారాలు ప్రభుత్వమే చెల్లిస్తుంది. దీనికి తల్లిదండ్రుల వీసాతో పని లేదు. బాబు ప్రీస్కూల్‌కు ఉచితంగా వెళ్లేది ఈ గంటల మీదే అయ్యుంటుంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటలకూ, పిల్లల సంరక్షణ ఖర్చుకు 8 పౌండ్లు కడితే ప్రభుత్వం 2 కలిపే ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్‌ పథకానికీ అలా కాదు. ఇద్దరి వీసాల మీదా ప్రభుత్వ సాయం పొందకూడదన్న షరతు ఉంటే ఆ రెండూ రావు. అందుకే ఆ తల్లికి ప్రతి పౌండూ బరువుగా ఉంది. పిసినారితనమని అనుకోకండి.

ఆ 15 గంటలు ప్రీస్కూల్‌లోనే వాడాలని లేదు. మీరు మీ ఊరి కౌన్సిల్‌తో (స్థానిక ప్రభుత్వంతో) ఒప్పందం చేసుకుంటే మీ ఇంట్లోనే వాడుకోవచ్చు, కౌన్సిల్ మీకు చెల్లిస్తుంది. తోటి పిల్లలతో కలవాలని ఆమె కోరిక అయితే రెండు పూటలు అక్కడ, మూడు పూటలు మీ దగ్గర అని పంచుకోవచ్చు. అయితే కౌన్సిల్ ఇచ్చే రేటు ముందే కనుక్కోండి. అది మీ 6 పౌండ్ల కంటే తక్కువైనా ఆ తేడా తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయకూడదు. ప్రీస్కూల్ క్లెయిమ్ చేసిన గంటనే మీరూ క్లెయిమ్ చేయకూడదు. పంచుకునే పద్ధతిలో మిగతా రెండు పూటలకు రిటైనర్ పెట్టదలిస్తే, కౌన్సిల్‌లో ఎర్లీ ఇయర్స్ (చిన్నపిల్లల) విభాగం వాళ్లను అడిగాకే పెట్టండి.

రిటైనర్ కూడా ఆదాయమే. ఏటా మీరే దాఖలు చేసే పన్ను లెక్కలో, అంటే సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో చూపించాలి.

ఇక మొహమాటం సంగతి. పండగ నాడు పులిహోర వడ్డిస్తూ ఈ మాట ఎత్తకండి. వారం మధ్యలో ఒక సాయంత్రం బాబును తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు పది నిమిషాలు కూర్చోబెట్టండి. ప్రీస్కూల్ ఫారంలో మొదటి ఫోన్ నంబరు ఎవరిది రాశారో అడగండి. దాన్నిబట్టి పూర్తి ఫీజో సగమో చెప్పండి. సెలవుల 14 వారాలకు రోజుకు 60 పౌండ్లేనని కూడా అప్పుడే చెప్పండి. ఒప్పుకున్నది కాంట్రాక్ట్‌లో రాసి, టర్మ్ మొదలయ్యేలోగా ఇద్దరూ సంతకాలు చేయండి.