బిల్డ్ అవుతుంది, నడిపితే ఆగిపోతుంది

ప్రశ్న: లినక్స్‌లో సీ++ ప్రోగ్రామ్ మాది. ప్లగిన్‌లను (విడిగా కట్టి, ప్రోగ్రామ్ నడుస్తుండగా జోడించే లైబ్రరీలను) డీఎల్‌ఓపెన్ ఫంక్షన్‌తో తెరుస్తుంది. ఒక ప్లగిన్ ఎర్రర్ లేకుండా బిల్డయింది, లోడ్ కూడా అవుతోంది. ఒక మెనూ నొక్కగానే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ (ఫలానా ఫంక్షన్ లేదా వేరియబుల్ దొరకలేదు) అని ప్రోగ్రామే ఆగిపోతోంది. బిల్డ్‌లో ముక్కలన్నీ కలిపే లింకర్ ముందే ఎందుకు చెప్పలేదు?

జవాబు: చెప్పమని మీరు అడగలేదు కాబట్టి. ఎగ్జిక్యూటబుల్‌లో సింబల్ దొరక్కపోతే లింకర్ ఒప్పుకోదు. షేర్డ్ లైబ్రరీలో అయితే రన్‌టైమ్‌లో ఎవరో ఒకరు ఇస్తారులే అని వదిలేస్తుంది. లేజీ పద్ధతిలో తెరిస్తే, లైబ్రరీని మెమరీలోకి తెచ్చే లోడర్ కూడా ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడే వెతుకుతుంది. గ్లోబల్ వేరియబుల్ అయితే లోడింగ్ దగ్గరే తేలిపోయేది.

ముందు డీఎల్‌ఓపెన్‌కి ఆర్‌టీఎల్‌డీ_లేజీ బదులు ఆర్‌టీఎల్‌డీ_నౌ ఇవ్వండి. కోడ్ మార్చకుండా చూడాలంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఎల్‌డీ_బైండ్_నౌ=1 పెట్టి నడపండి. అప్పుడు డీఎల్‌ఓపెన్ నల్ ఇస్తుంది, దొరకని పేరు డీఎల్‌ఎర్రర్ చెబుతుంది. ఆ పేరు ‘_జెడ్’తో మొదలైతే సీ++ కంపైలర్ దాన్ని మార్చిందన్నమాట, అసలు పేరు చూపే సీ++ఫిల్ట్‌కి ఇచ్చి చదవండి. అది నిజానికి సీ ఫంక్షన్ అయితే హెడర్‌లో, పేరు మార్చొద్దని చెప్పే ఎక్స్‌టర్న్ ‘సీ’ లేదన్నమాట.

పేరు సరైనదే అయితే ఆ సింబల్ ఎవరిదో చూడాలి. వేరే లైబ్రరీదైతే ప్లగిన్ లింక్ లైన్‌లో దాన్ని ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాతే రాయండి. ముందు రాస్తే, యాజ్-నీడెడ్ (అవసరమైన లైబ్రరీలనే ఉంచే ఆప్షన్) డిఫాల్ట్‌గా ఉన్న చోట లింకర్ దాన్ని పక్కన పడేస్తుంది. ప్రధాన ప్రోగ్రామ్‌దైతే, దాని సింబల్స్ ప్లగిన్‌లకు కనిపించేలా ఆ ప్రోగ్రామ్‌ను -ఆర్‌డైనమిక్‌తో లింక్ చేయాలి. ఈ ఫ్లాగ్‌ను ప్లగిన్‌కి తగిలిస్తే ఏ ప్రయోజనమూ లేదు. ముందే తెరిచిన మరో ప్లగిన్‌దైతే, దాని సింబల్స్ అందరికీ కనిపించేలా దాన్ని ఆర్‌టీఎల్‌డీ_గ్లోబల్‌తో తెరిస్తే పని జరుగుతుంది గానీ పేర్లు ఢీకొనే ప్రమాదం ఉంది. ఉమ్మడి కోడ్‌ను విడిగా లైబ్రరీ చేసి రెండింటికీ లింక్ చేయడమే మేలు.

ఇకపై బిల్డ్‌లోనే పట్టుకోవాలంటే జీసీసీకి ‘-డబ్ల్యుఎల్,-జెడ్,డెఫ్స్’ ఇవ్వండి. ప్రధాన ప్రోగ్రామ్ సింబల్స్ వాడే ప్లగిన్‌కి మాత్రం ఇది కుదరదు, వాటినీ తప్పుగానే చూపిస్తుంది. అలాంటిదానికి, దొరకని సింబల్స్ చూపే ‘ఎల్‌డీడీ -ఆర్’ నడిపి, వచ్చిన జాబితాలో ప్రోగ్రామ్ ఇచ్చేవి తీసేసి మిగిలినవి చూసుకోండి.

ప్రశ్న: ఇదే కోడ్ ఏఐఎక్స్‌లో (ఐబీఎం యునిక్స్‌లో) ప్లగిన్ లింకింగ్ దగ్గరే ఆగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: అక్కడ ఏ సింబల్ ఏ మాడ్యూల్ నుంచి వస్తుందో మామూలుగా లింక్ సమయంలోనే తేలాలి. ప్లగిన్‌ను లింకర్ ‘-జీ’ ఆప్షన్‌తో కట్టండి, దొరకని సింబల్స్‌ను అది అనుమతిస్తుంది. ప్రధాన ప్రోగ్రామ్‌ను ‘-బీఆర్‌టీఎల్’తో (రన్‌టైమ్ లింకింగ్‌కి) లింక్ చేసి, దాని సింబల్స్‌ను ప్లగిన్‌లకు ఎగుమతి చేసే ‘-బీఎక్స్‌పాల్’ కూడా జోడించండి. ఈ రెండోది అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లను ఎగుమతి చేయదు. వాటికి విడిగా ఎక్స్‌పోర్ట్ ఫైల్ రాసి ‘-బీఈ:’తో ఇవ్వాలి.